కోటయ్య పొట్ట, నా పేరు

ఆ మధ్య కొన్నాళ్ళు నేను ఇంకొకాయన జబ్బుతో బతికాను. మీరు టీ తాగుతూ ఉండండి, చెప్తాను. నవ్వొచ్చే సంగతే. ఒకచోట మాత్రం నాకు నవ్వు రాదు. అక్కడ మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

నా సంగతి తెలిసిందే కదా. మిషన్ స్కూల్లో సైన్సు మాస్టారుగా రిటైరయ్యాను. రిటైరైన ఏడాదే గుండెపోటు వచ్చింది. మరుసటేడు మా ఆవిడ సుగుణ పోయింది. పిల్లల్లేరు. గుంటూరు కొత్తపేటలో ఒక ఇంటి వెనక పోర్షను: ఒక గది, వంటిల్లు, రేడియో. పొద్దున్నే లేచి రెండు గ్లాసులు కడుగుతాను. ఒకదాంట్లో కాఫీ పోసుకుని రెండోది బోర్లిస్తాను. ఎందుకు కడుగుతానంటే చెప్పలేను. చెయ్యి దానంతటదే కడిగేస్తుంది.

నా గుండె చూసే డాక్టరుగారు కుర్రాడు. వెళ్ళినప్పుడల్లా బీపీ చూసి, రొమ్ము మీద గొట్టం పెట్టి, మాత్రలు రాసిచ్చి పంపించేవాడు. ఈసారి ఎందుకో బల్ల మీద పడుకోబెట్టి బొడ్డు పైన చెయ్యి పెట్టాడు. మెల్లగా నొక్కి కళ్ళు మూసుకున్నాడు.

"మాస్టారూ, సిగరెట్లు ఎన్నాళ్ళు తాగారు?"

"స్టాఫ్ రూమ్‌లో ఉన్నన్నాళ్ళూ."

ఆయన నవ్వి, కుర్చీలో కూర్చుని విడమర్చి చెప్పాడు. గుండె నుంచి పొట్టలోకి పెద్ద రక్తనాళం ఒకటి దిగుతుందట. గుండె జబ్బున్న పెద్దవాళ్ళలో, అందులోనూ పొగతాగే అలవాటున్న మగవాళ్ళలో, అది ఒక్కోసారి ఉబ్బుతుందట.

"సైకిల్ ట్యూబు అరిగినచోట బుగ్గ లేస్తుంది చూశారా, అట్లా. నొప్పి ఉండదు, ఏమీ ఉండదు. పగిలితే మాత్రం టైమివ్వదు. మీకు ఉందని కాదు. మీ వయసు గుండె పేషెంట్లందరికీ ఒకసారి చూపిద్దామనుకుంటున్నా. పక్క వీధి నర్సింగ్ హోంలో కొత్తగా స్కానింగ్ మిషన్ పెట్టారు. ఏమీ తినకుండా వెళ్ళండి, నీళ్ళు బాగా తాగండి. ఎవర్నన్నా తోడు తీసుకెళ్ళండి. గుండె మనిషి, ఖాళీ కడుపుతో ఒక్కరే వెళ్ళకూడదు."

తినకుండా ఉండటం నాకు కష్టం కాదు. నీళ్ళు తాగడం అంతకన్నా కాదు. తోడు దగ్గరే చిక్కొచ్చింది. పక్క పోర్షను ఆయన్ని అడుగుదామని గడప దాకా వెళ్ళాను. ఆయన స్కూటర్ తుడుచుకుంటూ, "ఏంటి మాస్టారూ, ఏదన్నా పనా?" అన్నాడు. "ఏం లేదు, ఊరికే," అని వచ్చేశాను. నాతో పనిచేసిన డ్రిల్లు మాస్టారు ఇంటికి వెళ్తే తాళం. కూతురి కాన్పుకి ఒంగోలు వెళ్ళారట. అయ్యగారిని, అదే మా పాస్టరుగారిని, అడగొచ్చు. కానీ ఆయన్ని పిలవడమంటే పరిస్థితి విషమంగా ఉందని నేనే ఒప్పుకున్నట్టు అనిపించింది. చివరికి నేనొక్కణ్ణే వెళ్ళాను.

వరండాలో బెంచీ మీద నా పక్కన నా వయసు రైతు ఒకాయన కూర్చున్నాడు. ముతక పంచె, భుజాన తువ్వాలు, దగ్గరికొస్తే చుట్ట వాసన. పేరు కోటయ్య, ఊరు అద్దంకి అవతల చింతలగుంట. పోయినేడు ఈయనకీ గుండెనొప్పి వచ్చిందట. యార్డుకి మిరపకాయలు తెచ్చినప్పుడల్లా పాత చీటీ చూపించి గేటు దగ్గర మందుల షాపులో మాత్రలు కొనుక్కుపోతాడట. బస్సుకింకా టైముందని నీడకి కూర్చున్నాడు.

ఇంతలో కాంపౌండరు వచ్చాడు. "దేవదానం ఎవరు? మీరేనా? తోడెవరు?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పక్కకి చెయ్యి చూపించి, "ఈయనే. మా తమ్ముడు," అన్నాను.

కోటయ్య నా మొహంలోకి చూశాడు. తర్వాత కాంపౌండరు వైపు తిరిగి, "అవునండీ, తమ్ముణ్ణే," అన్నాడు. ఆయన వెళ్ళాక కూడా, ఎందుకట్టా చెప్పారని అడగలేదు. "నేనుంటాలే మాస్టారూ. బస్సు పోతే ఇంకోటొస్తది," అన్నాడంతే.

ఇక్కడే నా తెలివితేటలు చూడండి. డాక్టరుగారు నీళ్ళు బాగా తాగమన్నాడు కదా అని చెంబులకి చెంబులు తాగి వచ్చాను. బెంచీ మీద కూర్చోలేని స్థితి వచ్చింది. కాంపౌండరేమో పోయకుండా ఉండాలన్నాడు. నేనూ సైన్సు మాస్టారినే, పాత్ర నిండాక ఏమవుతుందో నాకు తెలుసు. లేచి వెనకవైపు దొడ్డికి పరిగెత్తాను. అక్కడ నాలాంటివాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు.

నేను తిరిగొచ్చేసరికి కోటయ్య లేడు. బెంచీ ఖాళీ. బస్సుకి వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాను. అతను నాకేమీ కాడు, గంట కిందట పరిచయం. అయినా ఆ ఖాళీ బెంచీ చూస్తే మనసు చివుక్కుమంది. ఉంటానని చెప్పిన మనిషి ఉండకపోతే అట్లాగే ఉంటుంది.

కాంపౌండరు భోజనానికి వెళ్ళినట్టున్నాడు, ఆయన బదులు నర్సమ్మ ఉంది. నా వంతు ఎప్పుడని అడిగితే లోపలికి తీసుకెళ్ళింది. చీకటి గది. ఎవరో పొట్ట మీద చల్లగా జిగురు రాశారు. స్కానింగ్ డాక్టరు చిన్న టీవీ లాంటి దాని వైపు తిరిగి, నా పొట్ట మీద గొట్టం ఆనించాడో లేదో కరెంటు పోయింది. చీకట్లో నర్సమ్మ గొంతు వినిపించింది. "ఈ పేరుకి ఇందాకే తీశారండి." డాక్టరు, "తీశానా? అయితే చాలు. తుడుచుకుని లేవండి పెద్దాయనా," అన్నాడు. ఇందాక అంటే కరెంటు పోకముందనుకున్నాను. ఇంత తొందరగా అయిపోతుందా అని సంతోషించాను కూడా.

మర్నాడు రిపోర్టు చూసి నా డాక్టరుగారు మంచినీళ్ళు తెప్పించాడు. వాటిని నాకివ్వకుండా తనే తాగాడు.

"ఉంది మాస్టారూ. బత్తాయికాయంత ఉబ్బు. నాకు చేతికి అంత పెద్దగా తగల్లేదు గానీ, మిషన్‌లో స్పష్టంగా కనపడింది. మద్రాసు వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలి. ఎక్కువ రోజులు ఆగొద్దు. బరువులెత్తొద్దు."

రిక్షా ఎక్కాను. గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాను. రిక్షావాడు వెనక్కి తిరిగి, "కడుపునొప్పా బాబూ, సోడా తాగుతారా?" అన్నాడు. ఇంటికొచ్చాక దగ్గడానికి భయం, తుమ్మడానికి భయం. పంచె గట్టిగా కడితే ఎక్కడ పగులుతుందోనని, వదులుగా కట్టుకుని చేత్తో పట్టుకు తిరిగాను. నూతిలో నీళ్ళు తోడడం మానేశాను. ఇప్పుడైతే అయ్యగారిని పిలవొచ్చని అప్పుడు పిలిచాను.

ఇక చూడండి. ఆ ఆదివారం గుళ్ళో, అదే మా చర్చిలో, నా పేరు చదివి ప్రార్థన చేశారు. సోమవారం నుంచి నా ఇల్లు ఇల్లు కాదు, రైల్వే స్టేషను. స్త్రీల సమాజం వాళ్ళు వంతులేసుకుని క్యారియర్లు తెచ్చారు. ఎప్పుడో పదో తరగతి చదివిన శిష్యులు బత్తాయిలు పట్టుకొచ్చారు, ఆ పండు చూస్తే నాకు చెమటలు పట్టేవి. డ్రిల్లు మాస్టారు ఒంగోలు నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పక్క పోర్షను ఆయన, "ఇంత పక్కనే ఉండి, ఒక్క మాట చెప్పలేదేంటి మాస్టారూ," అని నిష్ఠూరమాడాడు. ఆయన భార్య పొద్దున్నే ఇడ్లీలు పంపేది. వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వడానికి ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ సరిపోక వాళ్ళింట్లోంచే అరువు తెచ్చాను. నిజం చెప్పొద్దూ, చచ్చిపోతున్నానని తెలిసిన ఆ రోజుల్లోనే నేను బాగా బతికాను. రేడియో పెట్టే తీరికే లేదు. పోయేవాడికి ఎందుకని దాన్ని పక్క పోర్షను వాళ్ళకి ఇచ్చేశాను.

మద్రాసు వెళ్ళేముందు ఇంకోసారి స్కానింగ్ తీసి పంపమని అక్కడి సర్జను అడిగాడు. ఈసారి తోడు అయ్యగారు వచ్చారు. కరెంటు ఉంది. స్కానింగ్ డాక్టరు గొట్టాన్ని నా పొట్ట మీద అటూ ఇటూ తిప్పాడు. పక్కకి తిరగమన్నాడు. ఊపిరి బిగబట్టమన్నాడు. చివరికి లైటు వేయించాడు.

"మీ పొట్టలో గ్యాస్ తప్ప ఏమీ లేదండీ. రక్తనాళం మామూలుగా ఉంది."

గుమ్మంలో నిలబడ్డ అయ్యగారు, "దేవునికి స్తోత్రం," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు. నాకూ వచ్చాయి.

డాక్టరు మాత్రం నా పొట్ట వైపే చూస్తున్నాడు. "ఆ రోజు పడుకున్నది మీరేనా? ఆ పొట్ట మీద వాతల మచ్చలున్నాయే. చిన్నప్పుడు కాల్చినవి. బొడ్డు చుట్టూ నాలుగు. నాకు బాగా గుర్తు."

నాకు వాతలు లేవు. ఎప్పుడూ లేవు.

"మచ్చలు కూడా మాయమయ్యాయంటే చూడండి మాస్టారూ, ఆయన మహిమ," అన్నారు అయ్యగారు.

ఆ మాటకి నవ్వాలి. నేను బల్ల మీదే కూర్చుండిపోయాను. ఆ రోజు బెంచీ ఖాళీగా ఉండటం, నర్సమ్మ 'ఈ పేరుకి ఇందాకే తీశారు' అనడం ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. కాంపౌండరుని పిలిపించి అడిగితే, "అవునండీ, దేవదానం అని పిలిస్తే భుజాన తువ్వాలున్న ఆయన లేచాడు. ఏదో చెప్పబోయాడు. టైం లేదు రమ్మని తీసుకెళ్ళాను," అన్నాడు.

"అయ్యగారూ," అన్నాను, "ఉబ్బు మాయం కాలేదు. చింతలగుంటలో ఉంది. బస్తాలు మోస్తూ ఉండి ఉంటుంది."

ఇందాక చెప్పానే, నాకు నవ్వు రాని చోటని, అది ఇదే. బతికిపోయానని తెలిసిన నిమిషంలోనే, నేను తమ్ముడని చెప్పిన మనిషి చావు నా పేరు మీద ఉందని తెలిసింది. అతనికి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేను ఇడ్లీలు తింటూ కూర్చున్నాను.

మర్నాడు తెల్లారగానే బస్సెక్కాను. అద్దంకిలో దిగి ఇంకో బస్సు మారి చింతలగుంట చేరాను. ఊళ్ళో టీకొట్టు దగ్గర కోటయ్య ఇల్లెక్కడని అడిగాను.

"ఏ కోటయ్య? పెద్ద కోటయ్యా, మిషను కోటయ్యా, చెవిటి కోటయ్యా?"

"పొట్ట మీద వాతలుంటాయి."

టీకొట్టాయన తన చొక్కా పైకెత్తి చూపించాడు. "మా ఊళ్ళో లేనిదెవరికి?"

"గుండెకి మాత్రలు వాడతాడు. చుట్ట తాగుతాడు."

"చుట్ట కోటయ్యా? అట్టా చెప్పండి. కల్లంలో ఉంటాడు. ఆడోళ్ళు లేని ఇల్లు కదా, ఊళ్ళోకి పెద్దగా రాడు."

చేల మధ్య కల్లమంతా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. దగ్గరికి వెళ్తుంటేనే ఘాటుకి తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళలో నీళ్ళ మధ్యనుంచి చూస్తే, కోటయ్య నిండు బస్తా ఒకటి మోకాలి మీదికి లాక్కుని భుజానికెత్తుకోబోతున్నాడు.

"ఎత్తకు కోటయ్యా, దించు," అని అరవబోయాను. తుమ్ముల్లో అది ఏ భాషలో వచ్చిందో నాకే తెలీదు. అతను బస్తా దించి నా దగ్గరికొచ్చి, తువ్వాలుతో నా మొహం తుడిచాడు. ఆ తువ్వాల్లో ఉన్నదీ మిరప ఘాటే. ఇంకో పావుగంట నేను మాట్లాడలేకపోయాను.

నీళ్ళు తాగి, పందిరి కింద కూర్చుని అంతా చెప్పాను. అతను చుట్ట వెలిగించుకోబోతే లాక్కున్నాను.

"తోడొచ్చినోళ్ళకి కూడా చూస్తారేమో, మంచి ఆస్పత్రే అనుకున్నా మాస్టారూ," అన్నాడు. "అయినాక మీకోసం వరండా అంతా చూశా. మీరు అగుపళ్ళా. బస్సు టైమైందని పక్క గుమ్మం నుంచే పోయినా. చెప్పకుండా పోయానని మనసులో ఉండిపోయింది."

నేనేమో అతను వదిలేసి పోయాడనుకున్నాను.

"ఇప్పుడు నొప్పేమన్నా ఉందా?"

"నొప్పేం లేదు. ఇదిగో, ఇదుంది," అని నా చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకున్నాడు. వాతల మచ్చల కింద, అరచేతి నిండా, గుప్పిట్లో పట్టుకున్న కోడిపిల్లలా ఏదో కొట్టుకుంటోంది. నాకు చెయ్యి తియ్యాలంటే భయమేసింది, ఉంచాలన్నా భయమేసింది.

"ఇదెప్పట్నుంచి?"

"ఆమె పోయినకాడ్నుంచి. రాత్రిళ్ళు పడుకుంటే తెలుస్తది. ఆకలనుకున్నా. లేచి కాసిని మజ్జిగ తాగి పడుకునేవాణ్ణి."

మద్రాసు అనగానే అడ్డంగా తల ఊపాడు. కాయలు అమ్మాలన్నాడు, కల్లం వదిలి రాలేనన్నాడు. చివరికి అసలు మాట చెప్పాడు. "కూతురు చీరాల్లో చంటిబిడ్డతో ఉంది. అంతదూరం నా యెనక ఎవరొస్తారు మాస్టారూ?"

"నేనొస్తాను. నాకు ఇంట్లో పనేముంది?"

కాయలు ఊళ్ళోవాళ్ళకి అప్పగించి, గుంటూరు వచ్చి, నా డాక్టరుగారితో అతని పేరు మీద మళ్ళీ చూపించి, ఇద్దరం మద్రాసు రైలెక్కాం. అక్కడ నర్సు, నేను అన్నగా సంతకం పెట్టిన కాగితాలు చూసి, వచ్చీరాని తెలుగులో, "పేషెంటు కోటయ్య. మీరు దేవదానం. అన్నదమ్ములు ఎట్లా అయ్యారు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే కోటయ్య, "మా నాయన మధ్యలో మతం మార్చాడమ్మా," అన్నాడు. లోపలికి తీసుకెళ్ళే బల్ల మీద పడుకుని ఉన్నాడప్పుడు. ఆ మాటని నవ్వుతూనే అన్నాడు గానీ, నా వేళ్ళు మాత్రం వదల్లేదు. వాళ్ళే విడదీశారు.

పొద్దున లోపలికి వెళ్ళినవాణ్ణి సాయంత్రం దాకా బయటికి తేలేదు. ఉబ్బిన చోట గుడ్డ గొట్టం పెట్టి కుడతారని సర్జను ముందే చెప్పాడు. కష్టమైన ఆపరేషనని, గుండె కూడా అంత బాగాలేదని చెప్పాడు. వరండాలో నేను ఒక్కణ్ణే. చుట్టూ అరవం. సుగుణ పోయినప్పుడు ఇట్లాంటి వరండాలోనే కూర్చున్నాను, అప్పుడూ ఏ ప్రార్థనా నోటికి రాలేదు. ఈసారి ఒకటే వచ్చింది: 'ఆ మొదటి కాగితం మీద ఉన్నది నా పేరు ప్రభూ, చూసి నడుచుకో.' సైన్సు చదివినవాడు దేవుడితో మాట్లాడాల్సిన మాట కాదు. చీకటి పడేముందు సర్జను బయటికొచ్చి తల ఊపాడు. అక్కడ మంచి తలూపుడు ఏదో, చెడ్డది ఏదో తెలియక కాసేపు ఏడవాలో నవ్వాలో అర్థంకాలేదు. తెలుగొచ్చిన ఆయా ఒకామె వచ్చి, బతికాడని చెప్పింది.

తిరిగొచ్చాక ఆదివారం గుళ్ళో లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అద్భుతం జరగలేదు, పొరపాటు జరిగింది అన్నాను. అయ్యగారు పెద్ద మనసుతో, రెండూ ఒకటే అయి ఉండొచ్చన్నారు. స్త్రీల సమాజం వాళ్ళు మాత్రం క్యారియర్లు మానేశారు. వాళ్ళ తప్పేం లేదు, బాగున్నవాడికి ఎవరు తెస్తారు? శిష్యులు కూడా రావడం తగ్గింది. రేడియో తిరిగి అడగడానికి మొహం చెల్లక, పక్క పోర్షనులో మోగుతుంటే గోడకి దగ్గరగా కుర్చీ వేసుకుని వార్తలు వింటున్నాను. వాళ్ళు పాటలు పెడితే పాటలు వింటాను.

కోటయ్య కోలుకున్నాడు. చుట్ట మానేశానంటాడు, నేను నమ్మను. నెలకోసారి డాక్టరుగారికి చూపించుకోవడానికి గుంటూరు వస్తాడు. వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగి, మర్నాటి బస్సుకి పోతాడు. వస్తూ వస్తూ ఒక పొట్లంలో ఎండుమిరపకాయలు తెస్తాడు. గుండె మనిషిని, తినకూడదు. తింటాను.

ఒక్కటే బాధ. ఆయన పెట్టే గురక మామూలు గురక కాదు. మంచం కిర్రుమంటుంది, కిటికీ రెక్కలు ఆడతాయి, పక్క పోర్షను వాళ్ళు గోడ తడతారు. కోటయ్య ఉన్న రాత్రి నాకు కంటిమీద కునుకుండదు. పొద్దున్నే ఆయన్ని బస్సెక్కించి, ఇవాళన్నా హాయిగా పడుకోవచ్చని ఇంటికొస్తాను. ఆ రాత్రి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. పడుకోగానే నిద్ర పట్టేస్తుంది. అరగంటకే మెలకువ వచ్చి, గురక ఎందుకు వినపడట్లేదా అని, చచ్చినట్టు లేచి కూర్చుంటాను.